బెంగళూరు నుంచి వెళ్ళి చెన్నై వీధుల్లో రాత్రి కార్ల పందెం చూడడం

నమస్కారమండీ. చెన్నైలో వీధి పందెం మళ్ళీ పెడితే బెంగళూరు నుంచి వెళ్ళాలని ఉందనీ, టికెట్ ఏ వైపు తీసుకోవాలో, పాత మద్రాసు చూడడానికి తీరిక దొరుకుతుందో లేదో చెప్పమనీ అడిగారు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ జరిగిన పందేనికి నేను ఇక్కడి నుంచే వెళ్ళాను.

ముందు టికెట్ సంగతి. ఆ సర్క్యూట్ పొడవు 3.5 కిలోమీటర్లు, మలుపులు 19. ఎక్కడ కూర్చున్నా కనిపించేది ఒకటి రెండు మలుపులే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పందెం జరిగినప్పుడు, కార్లు బాగా వేగం అందుకునే చోటే మంచిదనుకుని తిన్నని దారి పక్కన సీటు తీసుకున్నాను. కళ్ళ ముందు రంగులు మెరిసి మాయమయ్యాయే తప్ప ఏ కారు ఎవరిదో తెలియలేదు. అందుకని చెన్నైలో నేపియర్ వంతెన వైపు ఒక మలుపు దగ్గర కూర్చున్నాను. బ్రేకు పడగానే కారు ముక్కు నేలకు వంగడం, గేర్లు తగ్గుతున్నకొద్దీ ఇంజను ఆగి ఆగి గర్జించడం, కాంక్రీటు గోడకు జానెడు దూరంలో చక్రం ఒరుసుకుంటున్నట్టు సాగిపోవడం, వెనకాలే జాలి కంచెలోంచి కాలిన రబ్బరు వాసన రావడం ఇప్పటికీ మరిచిపోలేను. ముందున్న కారును దాటే ప్రయత్నాలు ఎక్కువగా జరిగేది కూడా బ్రేకు వేసే చోటే కాబట్టి, డబ్బు కాస్త ఎక్కువైనా మలుపు ఎదుట సీటే తీసుకోండి. చెవులకు ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి పెట్టుకోకండి. ఆ శనివారం ట్రాక్‌కు అనుమతి రావడం ఆలస్యమై, కార్లు బయటికి వచ్చేసరికి బాగా చీకటి పడింది. అంతకు ముందు 2023 డిసెంబరులో జరగవలసినది మిచాంగ్ తుపాను వల్ల వాయిదా పడింది. వీధి పందెం లేని రోజుల్లో శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. 1990లో మొదలైన ఆ 3.7 కిలోమీటర్ల ట్రాక్ మన బెంగళూరు-చెన్నై హైవే మీదే, చెన్నై ఊళ్ళోకి వెళ్ళకముందే వస్తుంది.

ఇక పాత ఊరు. పందెం రాత్రిపూట కాబట్టి పగలంతా మీదే. రాత్రి మెయిలు రైలు ఎక్కితే తెల్లవారేసరికి సెంట్రల్‌లో దిగుతారు. అక్కడి నుంచి సెయింట్ జార్జి కోట దగ్గరే. 1639లో దామెర్ల నాయకులు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన నేల మీద లేచిన కోట అది. లోపల 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చిలో అప్పటి మద్రాసు గవర్నరు థామస్ మన్రో సమాధి ఉంది. మాది గుత్తి ప్రాంతం. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయిన మన్రోను మొదట పూడ్చింది మా గుత్తిలోనే, మా వైపు పిల్లలకు మండ్రోలయ్య అని పేరు పెట్టుకున్నారు కూడా. ఆ పేరు వింటూ పెరిగిన నాకు ఆ సమాధి ముందు నిలబడినప్పుడు గొంతు పూడుకుపోయింది. ఐలాండ్ గ్రౌండ్స్ సమీపంలోనే జీను, రికాబులు లేని గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. పందెం కోసం చుట్టుపక్కల దారులు మూసేస్తారు, ఆటోలు రావు. కాబట్టి దాన్ని ఉదయమే చూసి వచ్చేయండి.