బిడ్డా, చదవకుండా సంతకం పెట్టకు

బిడ్డా,

నువ్వు చౌటుప్పల్ మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గా నిలబడుతున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పగానే పట్టలేనంత సంతోషమైంది. మన ఇంట్లో మున్సిపల్ ఆఫీసు గడప తొక్కింది నేనొక్కదాన్నే, అదీ ఫైళ్లు మోయడానికి. సభలో కుర్చీ వేసుకుని కూర్చునేది మన పిల్ల అంటే ఎవరికి గర్వంగా ఉండదు? కానీ ఆయన అక్కడితో ఆగలేదు. "అన్నీ అల్లుడు చూసుకుంటాడులే, ఇది సంతకాలు పెడితే చాలు" అన్నాడు. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్. అందుకే ఇది రాస్తున్నా. పొడుగు చూసి తర్వాత చదువుదాంలే అని పక్కన పెట్టకు, నీ సంగతి నాకు తెలుసు.

ఎలా గెలవాలో నేను చెప్పను, అది మీ బాపు పని, ఊళ్లో ఆయనకు తెలియని గడప లేదు. ఇంటి పన్ను, నల్లా బిల్లు బాకీలుంటే ముందే కట్టేసి రసీదులు దగ్గర పెట్టుకో. గెలిచినా ఓడినా ఫలితాలొచ్చిన 45 రోజుల్లోపు ఖర్చు లెక్క ఇచ్చెయ్. ఓడిపోయాం కదా, ఇంకెందుకులే అని వదిలేసి మళ్లీ పోటీకి పనికిరాకుండా పోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

గెలిచాక సంగతే నాకు కావాలి. కౌన్సిల్ మీటింగ్ అంటే టీవీలో చూపించే అసెంబ్లీలా ఉంటుందనుకోకు. నెలకోసారి పెడతారు. అంతకు ముందే నోటీసుతో పాటు అజెండా కాపీ ఇంటికి వస్తుంది. ఏముంటుంది అందులో? ఫలానా బోరు మోటారు కాలిపోయింది, రివైండింగ్‌కి ఇంత. బ్లీచింగ్ పౌడర్, సున్నం కొనాలి. చెత్త ట్రాక్టర్లకు డీజిల్. ఔట్‌సోర్సింగ్ కార్మికుల గడువు పొడిగింపు. వారసంత వేలం. ఎనిమిదో వార్డులో ఫలానా వాళ్ల ఇంటి నుంచి ఫలానా వాళ్ల ఇంటి దాకా సీసీ డ్రెయిన్‌కి ఎస్టిమేటు. ప్రతి అంశం చివరా ఒకటే వాక్యం, "సదరు విషయము కౌన్సిల్ వారి పరిశీలన మరియు ఆమోదము నిమిత్తం సమర్పించడమైనది." ఇలాంటివి యాభై, అరవై ఉన్నా అరగంటలో అయిపోతాయి. గుమస్తా నంబరు చదువుతాడు, ముందు వరుసలోంచి ఎవరో "ఆమోదం" అంటారు, గుమస్తా తర్వాతి నంబరుకి వెళ్లిపోతాడు. ఈలోపు టీ, బిస్కెట్లు, జీడిపప్పు ప్లేట్లు తిరుగుతుంటాయి. జీడిపప్పు ఎప్పుడొస్తుందో గమనించు, సరిగ్గా పెద్ద డబ్బుల అంశాలు వచ్చేటప్పుడే వస్తుంది. ఇది నా అనుమానమే అనుకో.

బోరు మోటారు సంగతి చిన్నదని వదిలెయ్యకు. ఒకే మోటారు వేసవిలో మూడుసార్లు కాలిందంటే, అది మోటారు తప్పా బిల్లు తప్పా అని అడిగేవాళ్లు కావాలి. పోయిన సంవత్సరం అజెండాలన్నీ తెప్పించుకుని పక్కన పెట్టుకుని చూస్తే చాలా తెలుస్తుంది, చదువు లేని కౌన్సిలర్లు కూడా పిల్లల చేత చదివించుకుని పట్టుకున్నారు. డ్రెయిన్ పని అయితే ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్ దగ్గర ఎస్టిమేటు కాపీ తీసుకుని వెళ్లి చూడు. పొడవు, వెడల్పు, లోతు అందులో రాసి ఉంటాయి. టేపు పట్టుకుని నిలబడ్డ కౌన్సిలర్ అంటే కాంట్రాక్టర్‌కి భయం ఉంటుంది. శానిటేషన్ వాళ్ల మస్టర్, అంటే హాజరు, తెల్లవారుజామున 5 గంటలకు వేస్తారు, అప్పుడప్పుడూ చెప్పకుండా వెళ్లు. కాగితం మీద ఉన్న మనుషులూ రోడ్డు మీద ఉన్న మనుషులూ ఒక్కటేనా అని చూడు. వాళ్ల జీతం టైముకి పడుతోందా, పీఎఫ్ కడుతున్నారా అని కూడా అక్కడే అడుగు. పని ఎక్కువ, అడిగే దిక్కు తక్కువ వాళ్లకి.

బడ్జెట్ మీటింగ్‌లో రాబడి ఎప్పుడూ ఘనంగా రాస్తారు. నువ్వు డీసీబీ అడుగు. డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత అనే ఆ ఒక్క కాగితం చాలు. బకాయిల్లో పైనున్న పేర్లు చదవమను. చిన్న ఇల్లున్న ముసలమ్మ ఏప్రిల్‌లోనే వచ్చి 5 శాతం రాయితీ కోసం లైన్లో నిలబడి కట్టేస్తుంది. రెవెన్యూ సెక్షన్‌లో కూర్చుని చూసినదాన్ని కాబట్టి చెబుతున్నా, బాకీ పడేది ఫంక్షన్ హాళ్లు, షాపింగ్ కాంప్లెక్సులు, ప్రభుత్వ ఆఫీసులే. ఇంకోటి, 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, ఆ బాధ్యత నీ మీద కూడా ఉంటుంది. ఫొటోకి మొక్క నాటి వెళ్లిపోయే రకం కాకు.

ఇక అసలు విషయం. ఇది పూర్తిగా చదువు.

నేను రెవెన్యూ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్‌గా ఉన్నప్పటి మాట, సమాచార హక్కు చట్టం వచ్చిన కొత్తలో. ఊరి పేరు రాయను. పన్నుల అంశం వస్తే లెక్కలు అందించడానికి సభలో వెనక కుర్చీలో కూర్చునేదాన్ని. ఒకావిడ కౌన్సిలర్ ఉండేది, నీలాగే రిజర్వేషన్‌లో వచ్చింది, బట్టలు కుట్టేది. నోరుంది, తెలివి ఉంది, భయం లేదు. ఆవిడ వార్డులో ఒక వెంచర్ ఉండేది. వెంచర్ వేసేవాళ్లు 10 శాతం స్థలం పార్కుకని వదిలి మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేయాలి కదా, ఆ స్థలం మీద కొందరి కన్ను పడింది. ఒకరోజు మీటింగ్ అయిపోవస్తుండగా టేబుల్ ఐటం అని ఒక కాగితం పంచారు. అజెండాలో లేదు, ఎవరూ ముందు చదవలేదు. ఆ ఖాళీ స్థలాన్ని ఏదో సంఘం భవనానికి లీజుకివ్వాలని అందులో ఉంది. ఆవిడ లేచి నిలబడి గట్టిగా వాదించింది. పిల్లలు ఆడుకునే జాగా, మీదెలా అవుతుంది అని అరిచింది. కిటికీ బయట అటెండర్లకి కూడా వినపడింది. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన చాలా మర్యాదగా, "సరే అమ్మా, మీ అభిప్రాయం నోట్ చేసుకుంటాం, కూర్చోండి" అన్నాడు. ఆవిడ కూర్చుంది. సభ ముగిసింది, అందరం భోజనాలకి లేచాం.

సభలో జరిగింది రాసే మినిట్స్ బుక్కులో ఏం రాశారో తెలుసా? "చర్చించి, సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

అక్కడితో అయిపోయినా బాగుండేది. తర్వాతి మీటింగ్‌లో మొదటి అంశం ఎప్పుడూ గత సమావేశ తీర్మానాల ధ్రువీకరణే ఉంటుంది. మనుషులు అప్పుడే వస్తుంటారు, ఒకరినొకరు పలకరించుకుంటుంటారు. నంబర్ వన్ చదివారు, ఆమోదం అన్నారు, ఆవిడ కూడా తలూపింది. అప్పుడు ఆ పుస్తకం తెప్పించుకుని చదివి ఉంటే, "నేను వ్యతిరేకించాను, అది రాయండి" అని ఉంటే కథ వేరేగా ఉండేది. చదవలేదు. తను అంత గట్టిగా అరిచింది కదా, అందరూ విన్నారు కదా అనే ధీమా.

ఏడాది తిరిగేసరికి అక్కడ పునాదులు లేచాయి. కాలనీ వాళ్లు సమాచార హక్కు కింద తీర్మానం కాపీ తీసుకుని నేరుగా ఆవిడ ఇంటికే వెళ్లారు. ఓట్లేసి గెలిపిస్తే పార్కు అమ్ముకున్నావా అన్నారు. ఆవిడ ఒట్లు పెట్టుకున్నా నమ్మలేదు, ఎందుకు నమ్ముతారు, ఏకగ్రీవం అని ఉంది, హాజరు రిజిస్టర్‌లో సంతకం ఉంది. మర్నాడు ఆఫీసుకొచ్చి ఆ పుస్తకం ఒకసారి చూపించమంది. రికార్డు రూంలో బీరువా పక్కన నిలబడే చదివింది, మొదట మామూలుగా, తర్వాత ఆ లైను మీద వేలు పెట్టి అక్షరం అక్షరం. "నేను వద్దన్నాను కదా మేడం, మీరు కూడా ఉన్నారు కదా" అంది. ఉన్నాను. నేనున్నానన్నది కూడా ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. కాలనీ వాళ్లు కోర్టుకెళ్లి పనులు ఆపించుకున్నారు, స్థలం దక్కింది. ఆవిడ పేరు మాత్రం దక్కలేదు, మళ్లీ పోటీ చేయలేదు.

అందుకని చెబుతున్నా. టేబుల్ ఐటం వస్తే, అది తాగునీటి పైపు పగలడం లాంటి నిజమైన తొందర పని కాకపోతే, వచ్చే మీటింగ్‌కి వాయిదా వేయమను. వినకపోతే నీ అసమ్మతి కాగితం మీద రాసి రెండు కాపీలు తీసుకెళ్లి కమిషనర్ ఆఫీసులో ఇచ్చెయ్, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకో. అదే రోజు, మర్నాడు కాదు. చట్టానికి విరుద్ధమైన తీర్మానాన్ని ప్రభుత్వం రద్దు చేయగలదు, ఆ రోజు పనికొచ్చేది నీ గొంతు కాదు, ఆ స్టాంపే. ధ్రువీకరణ వచ్చినప్పుడు మినిట్స్ బుక్కు నీ ముందు పెట్టించుకుని చదువు. ఎంతసేపైనా పట్టనీ, టీ చల్లారిపోనీ.

నిన్ను తిడుతున్నాననుకోకు. నీకు చిన్నప్పట్నుంచీ మొహమాటం, అదే నా భయం. పక్కింటి వాళ్లు అడిగారని వాళ్ల రేషన్ కార్డు ఫారాలన్నీ కూర్చుని నింపి, నీ పరీక్ష చదువు ఎగ్గొట్టిన పిల్లవి నువ్వు. ఆ ఫారాల్లో ఒక్క కొట్టివేత ఉండేది కాదు, మా సెక్షన్‌లో నీలాంటి చేతిరాత ఒక్కరికి ఉంటే బాగుండు అనుకునేదాన్ని. ఆ చేతే ఇప్పుడు ఎవరో వేలు చూపించిన చోట సంతకం పెడుతుందంటే నాకు ఎలా ఉంటుంది చెప్పు.

అల్లుడి గురించి. మంచివాడే, కాదనను. పండక్కి వస్తే నా మందుల డబ్బా తెరిచి ఏవి అయిపోయాయో చూసి తెచ్చిపెడతాడు. కానీ సభలో ఆయనకు కుర్చీ లేదు. నీ బదులు ఆఫీసులో కూర్చోవడం, ఏఈకి ఫోన్లు చేయడం, ఫ్లెక్సీ మీద నీ ఫొటో కన్నా పెద్ద ఫొటో వేయించుకోవడం, ఇవేవీ వద్దు. రేపు ఏదైనా తేడా వస్తే నోటీసు నీ పేరు మీదే వస్తుంది. నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతా, నా మాట అయితే నవ్వుకుని ఊరుకుంటాడు.

వార్డు కమిటీలు నాలుగుంటాయి, యువకులవి, మహిళలవి, పెద్దవాళ్లవి, ఊళ్లో పేరున్నవాళ్లవి, ఒక్కోదాంట్లో 15 మంది. చాలా చోట్ల కాగితాల మీదే ఉంటాయి. పెద్దవాళ్ల కమిటీని మాత్రం నిజంగా కూర్చోబెట్టు, ఎందుకంటే వాన నీళ్ల నాలా ఎటు పోయేదో వాళ్లకే గుర్తుంటుంది.

నాలా మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పాలి. నేనుంటున్న గడ్డిఅన్నారం కూడా ఒకప్పుడు నీ ఊరి లాంటి చిన్న మున్సిపాలిటీయే. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల మున్సిపాలిటీలతో కలిపి గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు. చిన్న కౌన్సిల్ ఉన్నప్పుడు లైటు వెలగకపోతే టిఫిన్ సెంటర్ దగ్గర కౌన్సిలర్‌ని పట్టుకుని అడిగేవాళ్లం, ఇప్పుడు యాప్‌లో ఫిర్యాదు పెట్టి నంబరు కోసం చూస్తాం. 2020 అక్టోబర్ వానకి సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఎలా ఉందో నువ్వు టీవీలో చూశావు, నేను మేడ మీద నుంచి చూశాను. నీళ్లు కొత్త దారేం వెతుక్కోలేదు, పాత దారిలోనే వచ్చాయి, ఆ దారిలో ఇళ్లున్నాయి. ఎవరో ఎప్పుడో ఆమోదం అంటేనే అవి లేచాయి.

చౌటుప్పల్ 2018లో మున్సిపాలిటీ అయినప్పటి నుంచీ హైవేకి అటూ ఇటూ ఎన్ని వెంచర్లు లేచాయో బస్సులోంచి చూస్తూనే ఉన్నా. లేఅవుట్ అనుమతులు మీ కౌన్సిల్ చేతిలో ఉండవు, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ, పట్టణ ప్రణాళిక శాఖ డీటీసీపీ చూసుకుంటాయి. అయినా ఏ కుంట అలుగు ఎటు పారుతుందో ఆ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకి తెలియదు, మీకు తెలుసు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. ఎవరైనా మట్టి పోస్తుంటే ఫొటో తీసి, రాతపూర్వకంగా ఇవ్వు. మళ్లీ అదే, రెండు కాపీలు, స్టాంపు.

వచ్చే ఆదివారం ఎల్బీనగర్‌లో దిగి ఫోన్ చెయ్, ఆటో మాట్లాడి పెడతా. నా దగ్గర పాత అజెండా కాపీలు కొన్ని ఉన్నాయి, ఏ అంశంలో ఏం అడగాలో ముందు పెట్టుకుని చూద్దాం. మీ వార్డు మ్యాపు, పోయిన సంవత్సరం బడ్జెట్ పుస్తకం దొరికితే తీసుకురా. అల్లుణ్ణి కూడా రమ్మను, దోసకాయ పప్పు చేస్తా, ఆయనకి ఇష్టం.

మీ అత్తమ్మ