టెక్ సందేహాలు: స్ట్రీట్ ఫైటర్‌లో జో ఎందుకు దొరకడు?

ప్రశ్న: సార్, స్ట్రీట్ ఫైటర్ అనే ఫైటింగ్ గేమ్ పాత వీడియోలో రైలు పట్టాల దగ్గర ఫైట్ చేసే జో అనే కిక్‌బాక్సర్ బాగా నచ్చాడు. అతని కోసమే ఆ సిరీస్ పాత ఆటలు కలిపి ఇచ్చే స్ట్రీట్ ఫైటర్ థర్టీయత్ యానివర్సరీ కలెక్షన్ కొన్నాను. కానీ జోని ఎంచుకునే ఆప్షనే కనిపించడం లేదు. ఒక సైట్‌లో ‘జో అన్‌లాక్ ఫైల్’ ఉంది. డౌన్‌లోడ్ చేయొచ్చా? – డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. అసలు తాళమే లేని చోట తాళంచెవి అమ్ముతున్నారంటే అందులో ఏముంటుందో ఊహించుకోండి.

మీ కలెక్షన్‌లో లోపమేమీ లేదు. జో ఉన్నది 1987లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన మొదటి ఆటలో. ఆ మొదటి స్ట్రీట్ ఫైటర్‌లో క్యారెక్టర్‌ని ఎంచుకునే పద్ధతే లేదు. మొదటి ఆటగాడు ర్యూ, రెండో ఆటగాడు కెన్, అంతే. మిగతా పది మంది కంప్యూటర్ ఆడించే ప్రత్యర్థులు. జపాన్, అమెరికా, ఇంగ్లండ్, చైనా, థాయ్‌లాండ్‌ల నుంచి ఇద్దరిద్దరు. అమెరికా తరఫున జో, మైక్ వస్తారు.

తెర మీద జో కూడా ర్యూ లాగే కాళ్లూ చేతులూ ఆడిస్తాడు కాబట్టి ఎక్కడో ఒక స్విచ్ మారిస్తే మన చేతికి వస్తాడనిపిస్తుంది. కానీ బొమ్మ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఏ బటన్ నొక్కితే ఏ దెబ్బ, గాల్లో ఉండగా నొక్కితే ఏంటి, కూర్చుని నొక్కితే ఏంటి అనే లెక్కంతా ర్యూ, కెన్‌లకే రాశారు. జోకి ఉన్నది ‘ఎదుటివాడు దగ్గరికొస్తే ఇలా తన్ను’ అనే తరహా కంప్యూటర్ సూచనలే. నచ్చిన ఫైటర్‌ని ఎంచుకోవడం 1991లో స్ట్రీట్ ఫైటర్ 2తో, ఎనిమిది మందితో మొదలైంది.

ఆ పది మందిలో అదృష్టం కలిసొచ్చినవాళ్లు ఉన్నారు. సగత్ రెండో ఆటలో బాస్‌గా తిరిగొచ్చి, 1992లో దాని కొత్త వెర్షన్ ఛాంపియన్ ఎడిషన్‌లో మన చేతికీ వచ్చాడు. అడాన్, బర్డీ 1995లో స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫాతో, గెన్ ఆ మరుసటి ఏడాది ఆల్ఫా 2తో వచ్చారు. జోకి మాత్రం ప్రధాన సిరీస్‌లో ఆ ఛాన్స్ రాలేదు. నన్నడిగితే, గుర్తుపెట్టుకోవడానికి అతనిలో ఏమీ లేకపోవడమే కారణం. సగత్‌కి కంటిపట్టీ ఉంది, బర్డీకి నెత్తిన నిక్కబొడుచుకున్న ఆ జుట్టు ఉంది. జో ఒట్టి కిక్‌బాక్సర్. పైగా 1993లో సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2లో జమైకా నుంచి డీజే అనే కిక్‌బాక్సర్, అదీ సంగీతకారుడు, దిగాక ఇక జోతో ఎవరికి పని?

మీకు కావలసింది కిక్‌బాక్సింగే అయితే డీజే 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో కూడా ఉన్నాడు. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి కాబట్టి ముందు ఉచిత డెమో వేసి మీ ల్యాప్‌టాప్ లాగుతుందో లేదో చూడండి. డెమోలో ల్యూక్, ర్యూ మాత్రమే ఉంటారు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొంటే 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా రిఫండ్ అడగొచ్చు.

ప్రశ్న: ముగెన్‌లో జోతో ఆడొచ్చని ఫ్రెండ్ చెప్పాడు. వైరస్ వస్తుందేమోనని టెన్షన్. – ఇంటర్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: ముగెన్ అంటే ఎవరి ఫైటర్లను వాళ్లు తయారుచేసుకునే ఇంజిన్. ఎలెక్‌బైట్ అనే బృందం 1999లో విడుదల చేసింది. అసలు ఆటలో జోకి లేని ఆ బటన్ల లెక్కని ఇక్కడ అభిమానులే రాసుకుంటారు. అయితే ఇవేవీ క్యాప్‌కామ్ అధికారికంగా ఇచ్చినవి కావు.

జాగ్రత్త విషయానికొస్తే, ముగెన్ క్యారెక్టర్ అంటే ఒక ఫోల్డర్. బొమ్మలు, శబ్దాలు, కొన్ని టెక్స్ట్ ఫైళ్లు, అంతే. అందులో ఈఎక్స్‌ఈ ఫైల్ (డబుల్ క్లిక్ చేస్తే రన్ అయ్యే ప్రోగ్రామ్) కనిపిస్తే ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసేయండి. క్యారెక్టర్‌కి దాని అవసరమే లేదు. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి భాగాన్ని దాచేస్తుంది. విండోస్ 11లో ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ, తర్వాత షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే కనిపిస్తుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. బటన్ల లెక్క ఉండే ఫైల్ పేరు చివర సీఎండీ అని ఉంటుంది. విండోస్ తన సొంత కమాండ్ ఫైళ్లకీ అదే వాడుతుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే లోపల ఏం రాసి ఉందో చూపించదు, రన్ చేసేస్తుంది. కాబట్టి ఎప్పుడూ నోట్‌ప్యాడ్‌లోనే తెరవండి.

ప్రశ్న: మొదటి స్ట్రీట్ ఫైటర్‌లో ల్యాప్‌టాప్ కీబోర్డుతో హడోకెన్ (ర్యూ చేతుల నుంచి విసిరే శక్తి బంతి) అస్సలు పడటం లేదు. – ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ ఒక్కరికే కాదు, ఆ ఆటలో అది అందరికీ కష్టమే. కింది కీ నొక్కి, దాన్ని వదలకుండానే ముందుకి కీ నొక్కాలి. అప్పుడు కింది కీ వదిలి, వెంటనే పంచ్ కొట్టాలి. ఎక్కువ మంది మధ్యలో రెండు కీలూ కలిసి ఉండాల్సిన ఆ క్షణాన్ని వదిలేస్తారు. కొన్ని కీబోర్డులు ఫలానా మూడు కీలు కలిపి నొక్కితే మూడోదాన్ని గుర్తించవు. పంచ్‌ని వేరే కీకి మార్చి చూడండి. టీవీకి కనెక్ట్ చేసి ఆడుతుంటే టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. సెకనుకి 60 ఫ్రేములు నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లే. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ కూర్చుంటే అలాంటివి చాలా పోతాయి.

ప్రశ్న: డీజే ప్యాంటు మీద ‘మ్యాగ్జిమమ్’ అనే ఎందుకుంది? – పాఠకుడు, కాకినాడ

జవాబు: అప్పట్లో మెమరీ పొదుపు కోసం ఫైటర్ బొమ్మని ఒకవైపే గీసి, ఇటు తిరిగినప్పుడు అద్దంలో లాగా తిప్పేసేవాళ్లు. మామూలు అక్షరాలైతే అద్దంలో కనిపించే తిరగబడ్డ రాతలా అయిపోతాయి. ఆ పదంలోని ఇంగ్లిష్ పెద్దక్షరాలన్నీ కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి. నిలువుగా రాస్తే బొమ్మని తిప్పినా తేడా తెలియదు. సగత్‌కి ఆ సౌకర్యం లేదు పాపం, అటు నుంచి ఇటు తిరిగితే కంటిపట్టీ రెండో కంటికి మారిపోతుంది.