బండి ఎత్తుకపోతుంటే కిందికి దిగాలా?

తమ్మీ, హన్మకొండల అర్ధరాత్రి ఇద్దరు నీ బండిని గేటు బయటికి తోస్తుంటే చేతులు వణికి ఏం తోచలేదన్నవు. వణుకు ఎవరికైనా వస్తది. నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చు, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదులు. రెండు మూడు సార్లు చేస్తే గొంతు పెగులుతది.

కిందికి మాత్రం దిగకు. తాళం విరగ్గొట్టనీకి తెచ్చిన రాడో స్క్రూడ్రైవరో వాళ్ల చేతిల ఉండొచ్చు, దారి మూస్తే దాంతోనే కొడతరు. లైట్లన్నీ వేసి, మీదికెళ్లే "దొంగలు" అని గట్టిగ ఒర్లు. ఉరుకుతుంటే ఉరకనియ్యి, గల్ల పట్టుడు వద్దు. బండి మళ్ల కొనుక్కోవచ్చు.

100కు చేసి మొదలు జాగ చెప్పు: కాలనీ, దగ్గరున్న గుడో బడో. ఫోన్ మధ్యల తెగినా ఎక్కడికి రావాల్నో పోలీసులకు తెలుస్తది. తర్వాత ఎంతమంది, ఎటు పోయిన్రు, బండి నంబరు.

వాళ్లు పడేసిపోయిన సామాన్లు ముట్టకు, వేలిముద్రలు చెదిరిపోతయ్. బండి పోతే వెంటనే ఎఫ్‌ఐఆర్ చేయించి ఇన్సూరెన్సోళ్లకు తెలుపు. క్లెయిముకు రెండు తాళంచెవులూ అడుగుతరు, దాచిపెట్టు.

హ్యాండిల్ లాక్‌ను నమ్మకు, గట్టిగ తంతే విరుగుతది. చక్రం బ్రేకు పళ్లానికి వేసే డిస్క్ లాక్ ఉన్నా ట్రాలీల ఎత్తుకపోవచ్చు. వెనక చక్రంల నుంచి మందపు గొలుసు తీసి పిల్లర్‌కు కట్టు.