తొమ్మిదో తరగతి పాపకు 1.18 లక్షల కోడింగ్ కోర్సు: అప్పు చేసి చేర్చాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ప్రైవేటు కంపెనీలో పనిచేస్తాను, చేతికి 46 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, నెలకు ఓ 9 వేలు. ఇంటి లోను ఈఎంఐ 14 వేలు. మా అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చింది, కంప్యూటర్ అంటే చాలా ఇష్టం. ఆన్‌లైన్‌లో ఒక ఫ్రీ డెమో క్లాసు విన్నప్పటి నుంచీ ఆ సంస్థ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. 18 నెలల కోడింగ్, ఏఐ కోర్సు 1,18,000 అట. 'నో కాస్ట్ ఈఎంఐ' అయితే నెలకు 6,556, ఒకేసారి కడితే 1,03,000. సీటు ఆపుకోవడానికి 5 వేలు కట్టేశాం. బ్యాంకులో 60 వేలు, పాప సుకన్య ఖాతాలో 1.3 లక్షల దాకా ఉన్నాయి. లోను తీసుకోవాలా, ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి ఒకేసారి కట్టాలా? ఇప్పుడు చేర్చకపోతే పాప వెనకబడిపోతుందేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ వద్దండీ. గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి, లోను పేపర్ల మీద సంతకం పెట్టకండి. పాపకు కోడింగ్ నేర్పించాలన్న మీ ఆలోచన మాత్రం చాలా మంచిది, దాన్ని వదలొద్దు. ఆ నేర్పించడానికి ఇంత డబ్బు అవసరం లేదు, అందులోనూ అప్పు చేసిన డబ్బు అసలే అవసరం లేదు.

ముందు ఆ 'నో కాస్ట్' సంగతి చూద్దాం. ఒకేసారి కడితే 1,03,000, వాయిదాల్లో అయితే 1,18,000 అని వాళ్లే చెప్పారు కదా, మరి ఆ 15 వేలు ఏమిటి? వడ్డీయే. లెక్క కడితే ఏడాదికి దగ్గర దగ్గర 17.7 శాతం పడుతోంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. సున్నా వడ్డీ అనేదే అసలు ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఇంకో విషయం, ఈ లోను ఇచ్చేది కోచింగ్ సంస్థ కాదు, వాళ్లతో ఒప్పందం ఉన్న ఒక ఫైనాన్స్ కంపెనీ. మామూలుగా ఫీజు మొత్తం మొదట్లోనే సంస్థకు వెళ్లిపోతుంది, మీరు 18 నెలలు ఫైనాన్స్ కంపెనీకి బాకీ ఉంటారు. మూడో నెలలో పాపకు క్లాసు నచ్చకపోయినా, టీచర్ మారిపోయినా, సంస్థే మూతపడినా ఈఎంఐ ఆగదు, ఆపితే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఇంత పెద్ద కంపెనీకి ఏమవుతుందిలే అనుకోవద్దు, బైజూస్ లాంటి సంస్థ మీదే 2024లో దివాలా ప్రక్రియ మొదలైంది. చెప్పని క్లాసులకు ముందే డబ్బు కట్టడం, అదీ వడ్డీకి తెచ్చి కట్టడం, మీ జీతం మీద నడిచే ఇంటికి పెద్ద రిస్కు.

ఇప్పుడు మీ అసలు భయం గురించి. వెనకబడిపోతుందా? దేంట్లో వెనకబడుతుంది అని అడిగి చూడండి. పాప ఇంటర్ ఎంపీసీ తర్వాత బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరాలంటే తెలంగాణలో ఎప్‌సెట్ ర్యాంకు కావాలి. ఆ పరీక్షలో 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కోడింగ్ సర్టిఫికెట్‌కి ఒక్క మార్కు కూడా లేదు, జేఈఈలో కూడా అంతే. సరే, సీటు వచ్చాక అయినా పనికొస్తుందా అంటే, జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో మొదటి సంవత్సరంలో ప్రోగ్రామింగ్ పాఠం మొదటి నుంచే మొదలవుతుంది. ముందే తెలిసిన పిల్లలకు కొంచెం ధైర్యంగా ఉంటుంది, నిజమే, ఆ ధైర్యం పాపకు రావాలనే నేనూ కోరుకుంటున్నాను. కానీ ఆ ధైర్యం ఇంట్లో కూర్చుని, ఒక పాత కంప్యూటర్ మీద, రెండేళ్లు ఆడుతూ పాడుతూ నేర్చుకున్నా వస్తుంది.

ఈ రెండేళ్లు మాత్రం నిజంగా విలువైనవి, ఎందుకంటే ఇంటర్‌లోకి వెళ్లాక మన కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా చదువే, ఎంపీసీలో కంప్యూటర్ సబ్జెక్టే ఉండదు. కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి, ఈ వారమే. ముందు పాప చదివే స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్, అంటే పిల్లలు తమ చేతులతో చేసి సాంకేతికత నేర్చుకునే ల్యాబ్, ఉందేమో అడగండి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన పథకం అది, దేశంలో 10 వేల స్కూళ్లలో పెట్టారు, 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం. ల్యాబ్ ఉండి తాళం వేసి ఉంటే తల్లిదండ్రులు నలుగురు కలిసి హెడ్‌మాస్టర్‌ని అడిగి తీయించండి, అది పిల్లల కోసం వచ్చిన డబ్బు. ఇంట్లో అయితే స్క్రాచ్‌తో మొదలుపెట్టొచ్చు, బొమ్మల దిమ్మెలు పేర్చి పిల్లలు ప్రోగ్రాం రాసేది, పూర్తిగా ఉచితం. తొమ్మిదో తరగతి పిల్లలు సాధారణంగా త్వరగానే దాన్ని దాటి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి వచ్చేస్తారు. ఇంగ్లిష్‌లో పాఠాలు కష్టంగా ఉంటే ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో చాలా పాఠాలు తెలుగు మాటలతోనే ఉన్నాయి, రూపాయి ఖర్చు లేదు. ఇంగ్లిష్ పర్వాలేదు అంటే హార్వర్డ్ వాళ్ల సీఎస్50 అనే ఆన్‌లైన్ కోర్సు ఉంది, అదీ ఉచితమే, కానీ కష్టం, పదో తరగతి అయ్యాక సెలవుల్లో పెట్టుకుంటే మంచిది.

ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాలి అనిపిస్తే, మీ ఊళ్లోనే బీటెక్ చదివే అమ్మాయి ఎవరైనా దొరుకుతుందేమో చూడండి, వారానికి రెండు రోజులు గంట గంట చెబితే నెలకు 1,500 ఇవ్వండి. నచ్చకపోతే వచ్చే నెల మానేయొచ్చు, ఎవరికీ బాకీ ఉండరు. ఇందులో పెద్ద సుఖం అదే.

నేను పాపకు ఇవ్వాలనుకునే మొదటి పని ఒకటుంది. వాళ్లమ్మ దగ్గర ఎవరి కొలతలు ఎంత, ఎవరి బ్లౌజు ఏ రోజుకి ఇవ్వాలి, ఎవరు ఇంకా డబ్బులు ఇవ్వాలి, ఇవన్నీ బహుశా ఒక నోట్‌బుక్‌లో ఉంటాయి. వాటిని పైథాన్‌లో చిన్న ప్రోగ్రాంగా రాయమనండి. పేరు కొడితే కొలతలు రావాలి, ఈ వారం ఇవ్వాల్సినవి ఒక చోట కనపడాలి, బాకీలు మొత్తం ఎంతో చూపించాలి. రాయడానికి ఆమెకు రెండు నెలలు పట్టొచ్చు, మధ్యలో పది సార్లు పాడవుతుంది, ఏడుపొస్తుంది, మళ్లీ రాస్తుంది. అమ్మ దాన్ని నిజంగా వాడటం మొదలుపెట్టి 'ఇది సరిగ్గా రావట్లేదే' అని అడిగినప్పుడు పాపకు వచ్చే నేర్పు ఏ ప్యాకేజీలోనూ దొరకదు. పైగా ఆరు నెలల తర్వాత కూడా తనంతట తానే దాన్ని మెరుగు చేస్తుంటే, ఆమెకు ఇది నిజమైన ఇష్టమని మీకూ తెలుస్తుంది. ఇప్పుడు మీకు తెలిసింది ఒక డెమో క్లాసులో బాగా చేసిందనే, డెమోలో ఏ పిల్లనైనా 'చాలా టాలెంట్ ఉంది' అనే అంటారు.

లెక్కలంటే బాగా ఇష్టమైతే ఇంకో దారి ఉంది, దీని గురించి మన దగ్గర చాలామందికి తెలియదు. ఇండియన్ కంప్యూటింగ్ ఒలింపియాడ్. మొదటి మెట్టులో ఒకటి, జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్, రాత పరీక్ష, దానికి ప్రోగ్రామింగ్ కూడా రానక్కర్లేదు, తర్కం ఉంటే చాలు. పై మెట్లు దాటి శిక్షణ శిబిరం దాకా వెళ్లిన పిల్లలకు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఒలింపియాడ్ కోటాగా ప్రత్యేక ప్రవేశ మార్గం ఉంది. అక్కడి దాకా వెళ్లేది చాలా కొద్దిమందే, అందుకని దాని మీద ఆశ పెట్టుకోమనడం లేదు. కానీ ఆ ప్రశ్నలు చేయడమే మంచి సాధన. ఈ ఒలింపియాడ్‌ని దేశంలో నడిపించేవారిలో ఒకరైన మాధవన్ ముకుంద్ గారి పైథాన్ పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఇక డబ్బు. నెలకు 6,556 కట్టగలం అనుకున్నారంటే ఆ మాత్రం మిగులుతోందనే కదా. ఆ మిగులును ఇలా పంచండి. 1,500 పాప నేర్చుకోవడానికి, 1,000 బ్యాంకులోని 60 వేలకు కలపడానికి, 4,000 కాలేజీ కోసం. ఆ 60 వేలు మీ ఇంటికి ఒక నెల ఆదాయం కన్నా కొంచెమే ఎక్కువ, ఉద్యోగం అటూ ఇటూ అయితే ఇంటి ఈఎంఐకి అదే ఆధారం, దాన్ని ముట్టుకోవద్దు. మొదటి ఐదు నెలల 4,000లు కంప్యూటర్‌కి పెట్టండి. గేమింగ్ ల్యాప్‌టాప్ అంటూ షాపు వాళ్లు లాగుతారు, అవసరం లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న రీఫర్బిష్డ్ ఆఫీసు ల్యాప్‌టాప్ 20 వేలు, ఆ పైచిలుకులో దొరుకుతుంది. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి చూడండి, బిల్లు, వారంటీ రాయించుకోకుండా మాత్రం తీసుకోవద్దు. ఆ తర్వాత మిగిలిన 43 నెలలు 4,000 చొప్పున ఆర్‌డీలో వేస్తే, ఆరున్నర శాతం వడ్డీ వచ్చినా ఇంటర్ అయ్యేసరికి 1.9 లక్షలు దాటుతుంది.

దాన్ని కూడా సుకన్యలోనే వేయొచ్చు కదా, 8.2 శాతం వస్తోంది అని మీకు అనిపించొచ్చు. సుకన్యలో పాప పదో తరగతి పాసయ్యాక గానీ 18 ఏళ్లు నిండాక గానీ పైచదువు కోసం తీసుకోగలిగేది అంతకు ముందు ఆర్థిక సంవత్సరం చివరి నిల్వలో సగమే, అదీ అడ్మిషన్, ఫీజు కాగితాలు చూపించి. మిగతాది ఖాతా తెరిచిన 21 ఏళ్ల దాకా, లేదా 18 దాటాక పెళ్లి దాకా ఆగాలి. కాబట్టి ఇప్పుడు నెలకు వేస్తున్నది అలాగే కొనసాగించండి, కాలేజీ గేటు దగ్గర చేతికి రావాల్సిన డబ్బు ఆర్‌డీలో ఉంచండి. మీరు నెలకు వెయ్యి వేస్తున్నారనుకుంటే బీటెక్ సమయానికి ఆ సగం కూడా లక్షకు పైనే ఉంటుంది. రెండూ కలిపి 3 లక్షల చిల్లర. లోను తీసుకుంటే ఆ 18 నెలలు ఇలా దాచుకోవాల్సిన డబ్బంతా ఈఎంఐకే పోతుంది, తేడా అక్కడుంది.

మీ ఆదాయం ఏడాదికి 6.6 లక్షలు, 8 లక్షల లోపే కాబట్టి రెండు విషయాలు ఇప్పుడే రాసిపెట్టుకోండి. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ సాంకేతిక డిప్లొమా, డిగ్రీల్లో చేరే అమ్మాయిలకు ఏడాదికి 50 వేలు ఇస్తుంది, ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా, మార్కుల మీద ఎంపిక. రెండోది 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి, ఎంపిక చేసిన మంచి కాలేజీల్లో సీటు వస్తే ఆస్తి తాకట్టు లేకుండా లోను, 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 లక్షల అప్పు దాకా వడ్డీలో 3 శాతం రాయితీ. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఆ రాయితీ రాదు, అప్పుడు ఏది లాభమో లెక్క చూసుకుందాం. చదువుకు అప్పు చేయాల్సిన రోజు అది, డిగ్రీ చేతికొచ్చే చదువుకు, చదువు అయ్యాక ఏడాది ఆగి కట్టే అప్పు.

పదో తరగతిలో మంచి మార్కులు వస్తే బాసర ఆర్‌జీయూకేటీకి, అంటే బాసర ట్రిపుల్ ఐటీకి కూడా దరఖాస్తు చేయండి, పది మార్కులతోనే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్. ఇంకోటి, ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ. దానికి జేఈఈ అక్కర్లేదు, వాళ్లు పెట్టే క్వాలిఫయర్ పరీక్ష పాసవ్వాలి, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీలు ఉన్నాయి, బీటెక్‌తో పాటు చేస్తున్న పిల్లలూ ఉన్నారు. మీరు కోర్సుకి ఖర్చు పెట్టి తీరాలనుకుంటే ఆ రోజు ఇలాంటిదానికి పెట్టండి.

ఇప్పుడు ఆ 5 వేలు. ఫోన్‌లో మాట్లాడకండి, వాళ్లు మాటలతో మళ్లీ ఒప్పిస్తారు. ఈరోజే ఈమెయిల్ రాయండి: కోర్సు వద్దు, లోను దరఖాస్తు రద్దు చేయండి, కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వండి అని. కట్టినప్పుడు వచ్చిన రసీదు, 'రీఫండ్ ఉంది' అన్న వాట్సాప్ మెసేజ్ ఏదైనా ఉంటే దాని స్క్రీన్‌షాట్ జత చేయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. లోను ఇప్పటికే మంజూరైపోయిందేమో కూడా ఫైనాన్స్ కంపెనీని విడిగా అడగండి, ఒక్కోసారి డెమో రోజు ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పడంతోనే సగం పని అయిపోయి ఉంటుంది. మంజూరై ఉంటే డిజిటల్ లోన్లకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కూలింగ్-ఆఫ్ గడువు ఉంటుంది, ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడొచ్చు. గడువు ఎన్ని రోజులో లోను షరతులన్నీ ఉండే కాగితం, అంటే వాళ్లిచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో రాసి ఉంటుంది, అది చేతికి ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా మ్యాండేట్ ఇచ్చి ఉంటే, లోను రద్దయినట్టు రాతపూర్వకంగా వచ్చాక మీ బ్యాంకు బ్రాంచికి వెళ్లి దాన్ని కూడా రద్దు చేయించండి.