జీడిపిక్కల లెక్క చెప్పిన సంగతి

"సర్కారు బడుల్లో అంతర్జాతీయ ప్రమాణాలంటూ ఏడాదికో మార్పు తెస్తున్నారు, మావాణ్ణి ఎనిమిదిలో ఊరి హైస్కూల్లోనే ఉంచాలా, టౌన్లో ప్రైవేటుకి మార్చాలా" అని అడిగారు కదండీ. నేను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పద్దెనిమిదేళ్లయింది.

మార్పులు ఎక్కువైన మాట నిజం. 2023లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకి శిక్షణ వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక ఆగిపోయింది. వెయ్యి బడులు సీబీఎస్ఈ అనే కేంద్ర బోర్డులోకి వెళ్లి మళ్లీ రాష్ట్ర బోర్డుకి వచ్చేశాయి. మధ్యలో నలిగింది పిల్లలే, అది కళ్లారా చూశాను.

అసలు ప్రమాణమంటే ఏమిటి? పీసా అని ఒక పరీక్ష ఉంది. 2000 నుంచి ఓఈసీడీ అనే దేశాల కూటమి నిర్వహిస్తోంది, పదిహేనేళ్ల పిల్లలు రాస్తారు. పుస్తకంలోది ఒప్పజెప్పమనరు. ఎప్పుడూ చూడని ఓ పట్టికో ప్రకటనో చేతికిచ్చి, దీన్నిబట్టి ఏం తేలుతుందో చెప్పమంటారు. 2009 విడతలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాస్తే 74 చోట్లలో 72, 73 స్థానాలొచ్చాయి. ప్రశ్నలు మన పిల్లల జీవితానికి సరిపడవని చెప్పి ఆ తర్వాత మనవాళ్లు దూరంగా ఉండిపోయారు.

అయితే మన జీవితంలోంచే అడుగుదామని ఎనిమిదో తరగతిలో బోర్డు మీద ఒక లెక్క రాశాను. 80 కేజీల బస్తా జీడిపిక్కలు కొన్నారు, 20 కేజీల పప్పు దిగింది. పిక్కల ధర, కూలి, పప్పు కేజీ ధర ఇచ్చి లాభమెంతో చెప్పమన్నాను. అందరూ 20ని ధరతో గుణించేశారు. ఒక అమ్మాయి మాత్రం పెన్సిలు పక్కన పెట్టేసింది. వాళ్లమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. "ఇరిగిన బద్దకి గుండు ధర ఎవులిస్తారు మాస్టారూ? గుండెంతో, బద్దెంతో చెప్పకుండా లాభం ఎలగ తేల్తాది?" అంది. గుండంటే విరగని పప్పు, బద్దంటే విరిగింది. తప్పు నా లెక్కలోనే ఉంది. పీసా కోరేది సరిగ్గా ఆ ఆలోచనే.

నెల తిరిగాక అదే లెక్క, ఈసారి గుండు, బద్ద విడివిడిగా చూపించి, ఇంగ్లీషులో ఇచ్చాను. ఆ అమ్మాయి కాగితం తెల్లగా వచ్చింది. 'కెర్నల్' అన్న మాట కింద గీత గీసి వదిలేసింది. రోజూ వాళ్లమ్మ వేళ్ల మధ్య తిరిగే పప్పే అది!

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి. నా క్లాసులో తెలుగు పేజీ ఎప్పుడూ మూయించను. ముందు తెలుగులో వాదించుకోనిస్తాను, తర్వాత ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే పలికిస్తాను. మన జిల్లాలో పుట్టిన గిడుగు రామ్మూర్తి గారు వందేళ్లకు ముందే సవర అనే గిరిజన తెగ పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పించారు. ఆ దారి మనకి కొత్తదేం కాదు.

ఇక మీవాడి సంగతి. ఈ ఆదివారం కరెంటు బిల్లు వాడి చేతిలో పెట్టి, పోయిన నెలకంటే ఎందుకు ఎక్కువొచ్చిందో చెప్పమనండి. శ్లాబులు చూసి తెలుగులో చెప్పగలిగితే నిశ్చింతగా ఊళ్లోనే ఉంచండి. చెప్పలేకపోతే ఫీజు కట్టే ముందు రెండు బడులకీ వెళ్లి ఓ నలుగురు పిల్లల నోటుబుక్కులు అడిగి చూడండి. జవాబులన్నీ ఒకే మాటల్లో, ఒకే వరసలో ఉన్నాయంటే అక్కడ బట్టీయే పట్టిస్తున్నారు.