డీవీడీపై సీసీ గుర్తు ఉన్నా అక్షరాలు రాకపోతే

లోపం డిస్కులో కాదు, ప్లేయర్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగ దారిలో ఉంది. అమెరికా నుంచి తెచ్చిన డీవీడీ అట్టపై ‘సీసీ’ (క్లోజ్డ్ క్యాప్షన్స్, అంటే మాటలను తెరపై అక్షరాల్లో చూపే ఏర్పాటు) అని ఉన్నా, వినికిడి తగ్గిన మీ అమ్మగారికి టీవీలో అక్షరాలు రావడం లేదన్నారు. సీసీ మామూలు సబ్‌టైటిల్ కాదు. దాన్ని హెచ్‌డీఎంఐ మోసుకురాదు. రిమోట్‌లో సబ్‌టైటిల్ మీట ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం ఉండదు.

1. డిస్కును కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌తో నడపండి.
2. చాలామంది తప్పేది ఇక్కడే: మెనూ దాటి, సినిమాలో మాటలు మొదలయ్యాక సబ్‌టైటిల్ ట్రాకుల జాబితా తెరవండి. అందులో ‘క్లోజ్డ్ క్యాప్షన్స్ 1’ ఎంచుకోండి. ముందే వెతికితే అది కనిపించకపోవచ్చు.
3. కంప్యూటర్‌ను టీవీకి కలపండి. వీఎల్‌సీ అక్షరాలను బొమ్మలోనే కలిపేస్తుంది కాబట్టి, ఇప్పుడు అవి హెచ్‌డీఎంఐలోనూ బొమ్మతోపాటే వస్తాయి.

ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవు లేకపోతే మన బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవు అడగండి. అది రీజియన్ 1కి (అమెరికా డిస్కుల ప్రాంత సంకేతానికి) మార్చమంటే తొందరపడకండి, డ్రైవులో ఈ మార్పుకు అయిదుసార్లే అవకాశం.