అమ్మడికి, ఎస్పెరాంటో పుస్తకాల గురించి

విశాఖపట్నం,
ఆదివారం ఉదయం

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఎస్పెరాంటో, అదే దేశదేశాలవాళ్ళు మాట్లాడుకోవడానికి ఒక మనిషి అల్లిన భాష, నేర్చుకోబోతున్నావనీ, ఒకేసారి నాలుగు పుస్తకాలు తెప్పిస్తున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. "ఇదంతా నీ పోలికే" అని నిష్ఠూరం కూడా ఆడింది. నాకు రాత్రంతా నిద్ర లేదు. మన ఇంట్లో ఆ భాష పేరెత్తే రెండో మనిషి వచ్చిందన్న సంతోషం ఒక పక్క, నాలుగు పుస్తకాలన్న మాటకు గుబులు ఒక పక్క.

నాలుగెందుకు తల్లీ? ఒక్కదానితో మొదలుపెట్టు. పుస్తకం చేతికి రాగానే రెండే చూసుకో. అభ్యాసాలకు వెనక జవాబులున్నాయా? పాఠాలను వినిపించే రికార్డింగులున్నాయా? 2018లో వచ్చిన ‘కంప్లీట్ ఎస్పెరాంటో’కు రెండూ ఉన్నాయి. నీ నాలుగింటిలో అది ఉంటే మిగతావి అటక మీద పెట్టు. లేకపోతే లెర్ను అనే వెబ్‌సైటులో ఉచితంగానే వింటూ నేర్చుకోవచ్చు.

వినడం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1979లో జగదాంబ సెంటరు దగ్గర పాత పుస్తకాలు అమ్మే ఒకాయన వద్ద, ఇంగ్లీషులో రాసిన ఎస్పెరాంటో వాచకం రెండు రూపాయలకు కొన్నాను. మొదటి ఎనిమిది ఆకులు లేవు. అక్షరాలూ ఉచ్చారణా చెప్పే భాగమే పోయింది. ఇంగ్లీషు అక్షరాలే కదా, నాకు తెలియనివా అనుకున్నాను. పద్నాలుగు నెలల పాటు, మహారాణిపేటలో మన పాత ఇంటి డాబా మీద, తెల్లవారుజామునే లేచి గొంతెత్తి చదివాను. ‘సి’ కనపడితే ‘క’ అన్నాను, ‘జె’ కనపడితే ‘జ’ అన్నాను. తప్పని చెప్పడానికి పక్కన మనిషి లేడు, పుస్తకంలో పేజీ లేదు.

అప్పుడు నేను హార్బరులో గుమాస్తాను. ఒకరోజు విదేశీ ఓడ నుంచి దిగిన ఒక నావికుడి చొక్కాకు ఆకుపచ్చ నక్షత్రం కనిపించింది. అది ఎస్పెరాంటో వాళ్ళ గుర్తు. ఒళ్ళు పులకరించింది. జామెన్‌హోఫ్ తన చిన్ననాడు ఇప్పటి పోలండ్‌లోని బియాలిస్తోక్‌లో రష్యన్లు, పోలిష్‌వాళ్ళు, జర్మన్లు, యూదులు ఒకరి భాష ఒకరికి పట్టక ద్వేషించుకోవడం చూసి ఈ భాష అల్లాడు. అందుకే మొదటిసారి మాట్లాడితే శాంతి అన్న మాటతోనే మాట్లాడాలని ఒక వాక్యం దాచుకున్నాను. పరుగున వెళ్ళి చెప్పాను: "మి దెజీరాస్ పాకోన్."

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఖాళీ చేతులు చూపించాడు. కస్టమ్స్ గేటు వైపు ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి పుస్తకం చివరి పదపట్టిక తిరగేశాను. ‘పాకో’ అంటే పొట్లం. శాంతికి రాసే మాటలో ‘సి’ ఉంటుంది, దాన్ని ‘పాత్సో’ అని పలకాలని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో ఓడలవాళ్ళ దగ్గర విదేశీ సరుకు చాటుగా కొనేవాళ్ళు ఉండేవారు. నన్నూ వాళ్ళలో ఒకణ్ణి అనుకున్నాడు. మర్నాడు ఆ వాక్యం కాగితం మీద రాసుకుని పరుగెత్తాను. అప్పటికే ఓడ డాల్ఫిన్స్ నోస్ దాటిపోయింది. సిగ్గుతో ఆ పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో పడేసి తొమ్మిదేళ్ళు తెరవలేదు. చిరిగిన పుస్తకం కొనడం కంటే పెద్ద తప్పు అది.

నువ్వూ నాలాగే ఒక్కదానివే కూర్చుని చదివే పిల్లవి. చిన్నప్పుడు లెక్క తప్పితే పలక దాచేసేదానివి, గుర్తుందా? నా భయమంతా అదే.

శబ్దాలకు నువ్వు బెదరక్కర్లేదు, చాలావరకు మన దగ్గరే ఉన్నాయి. ‘చాప’, ‘చుక్క’ అనేటప్పుడు పలికే చ ఉంది చూడు, అదే వాళ్ళ ‘సి’. ‘చెట్టు’లోని చ అయితే టోపీ పెట్టిన ‘సి’. ‘జె’ అంటే య. ఈ మూడూ కాగితం మీద రాసి గోడకు అంటించు.

ఇంకొక సంగతి. ఆ పుస్తకాలు ఇంగ్లీషువాళ్ళ కష్టాలు చూసి రాసినవి, నీ కష్టాలు చూసి కాదు. కర్మకు ‘న్’ చేర్చడం గురించి పేజీలకు పేజీలు బతిమాలతాయి. మనకు అది ‘ను’, అంతే. ‘సియా’కూ ‘లియా’కూ తేడా తెలియక వాళ్ళు ఆపసోపాలు పడతారు. మనకు ‘తన’, ‘అతని’ అమ్మ ఒడిలోనే వచ్చాయి. పరుగెడుతున్న, పరుగెత్తిన, పరుగెత్తబోయే అన్నవి అక్కడ కురాంతా, కురీంతా, కురోంతా. అది మొదటిసారి గమనించిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి. మనం, మేము రెండింటికీ ‘ని’ ఒక్కటే ఉండడం మాత్రం ఇప్పటికీ లోటుగానే తోస్తుంది.

అక్కడ వేగంగా సాగిపో. నువ్వు ఆగవలసింది విశేషణాల దగ్గర. పెద్ద ఇల్లు అన్నా పెద్ద ఇళ్ళను అన్నా మన ‘పెద్ద’ కదలదు. వాళ్ళకు ‘గ్రాందా దోమో’ కాస్తా ‘గ్రాందాయ్న్ దోమోయ్న్’ అవుతుంది. ఇంగ్లీషు ‘ది’ లాంటి ‘లా’ అనే ఆర్టికల్‌ను కూడా ఆ పుస్తకాలు రెండు ముక్కల్లో ముగిస్తాయి, మనకు అది చాలదు. అక్కడి అభ్యాసాలు రెండుసార్లు చెయ్యి.

పది పాఠాలయ్యాక ‘గెర్దా మలాపెరిస్’ చదువు. క్లోద్ పిరోన్ 1983లో నేర్చుకునేవాళ్ళ కోసమే రాసిన అపరాధ పరిశోధన కథ. మాటలు కొద్దికొద్దిగా పెరుగుతూ పోతాయి. ఆ భాషకు మూలగ్రంథమైన జామెన్‌హోఫ్ 1905 నాటి ‘ఫుందామెంతో’ తెప్పించుకుంటే గౌరవంగా దాచుకో, మొదటి ఏడాది దాని జోలికి వెళ్ళకు.

హుద్‌హుద్ తుఫానులో నా బీరువాలోని పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ట్రంకుపెట్టెలో ఉన్న ఆ రెండు రూపాయల పుస్తకం మాత్రం మిగిలింది. నువ్వు అడుగుతావని తెలుసు. ఇవ్వను.

వచ్చే ఆదివారం సాయంత్రం ఫోను చెయ్యి. వాక్యాలేమీ వద్దు, అక్షరమాల చాలు. ఇరవై ఎనిమిది అక్షరాలూ మెల్లగా చదివి వినిపించు. ‘సి’ దగ్గర తప్పితే ఆపుతాను. పలక దాచెయ్యకు.

మామయ్య